బయానా ఒకరిది, రిజిస్ట్రేషన్ ఇంకొకరిది

2025 అక్టోబరులో రాయదుర్గంలో 7.67 ఎకరాల ప్రభుత్వ భూమిని వేలం వేస్తే ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. అంతకు రెండేళ్ల ముందు, 2023 ఆగస్టులో, కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటినప్పుడే నగరం నోరెళ్లబెట్టింది. ఇలాంటి అంకె పేపర్లో పడిన మర్నాటి నుంచి గచ్చిబౌలి, కొండాపూర్, నార్సింగి చుట్టూ ఒక తంతు మొదలవుతుంది. నెల కింద బయానా తీసుకున్న ఓనర్ ఫోన్ ఎత్తడు. ఎత్తినా, చెల్లెలు సంతకం పెట్టనంటోందని చెబుతాడు, లేదా మూఢం వెళ్లాక చూద్దామంటాడు. చాలాసార్లు అడ్డుపడింది చెల్లెలూ కాదు, మూఢమూ కాదు. గజానికి ఇంకో పదివేలు ఎక్కువిస్తానన్న మూడో మనిషి.

ఆ మూడో మనిషిని చట్టం ఏం చేస్తుంది? అతను కొన్న భూమిని వెనక్కి రప్పించగలదు. అతని జేబు జోలికి మాత్రం దాదాపుగా పోదు. సైబరాబాద్ చుట్టుపక్కల కుదిరిన బేరాలను చెడగొట్టడం కొందరికి బతుకుతెరువుగా మారిందంటే, అసలు కారణం ఇక్కడే ఉంది.

బయానా రసీదు, అగ్రిమెంట్ ఆఫ్ సేల్ చేతిలో ఉన్నంత మాత్రాన భూమి మనదైపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ఈ మాటను మొహమాటం లేకుండా చెబుతుంది. అగ్రిమెంట్ ఇచ్చేది ఒక్కటే, అమ్మకం పూర్తి చేయించమని కోర్టును అడిగే హక్కు. అయితే ఆ హక్కు ఓనర్ గుమ్మం దగ్గరే ఆగిపోదు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 19 ప్రకారం, పాత అగ్రిమెంట్ ఉండగా ఆ ఆస్తిని కొన్నవాడి మీద కూడా అమలు దావా వేయొచ్చు. అతను బయటపడాలంటే డబ్బు మొత్తం కట్టానని, నిజాయతీగా కొన్నానని, ముందు బేరం సంగతి తనకు తెలియదని చూపించుకోవాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేలిపోయినా అతని సేల్ డీడ్ అతన్ని కాపాడదు.

అప్పుడు డిక్రీ ఎలా ఉండాలో సుప్రీంకోర్టు 1953లోనే తేల్చింది. ఓనర్‌తో పాటు రెండో కొనుగోలుదారు కూడా మొదటివాడికి రాసిచ్చే పత్రంలో చేరి, తనకు దక్కిన హక్కును అతనికి వదిలేయాలి. అంటే ఎక్కువ డబ్బు పోసి ఎగరేసుకుపోయినవాడే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి. రానంటే అతని తరఫున కోర్టే సంతకం చేయిస్తుంది. కాగితం మీద ఇంతకన్నా గట్టి రక్షణ కోరడం కష్టం. 2018 అక్టోబరు 1 నుంచి ఇది ఇంకా గట్టిపడింది. అంతకు ముందు, అగ్రిమెంట్ రుజువైనా అమలు చేయించాలా, డబ్బులిప్పించి సరిపెట్టాలా అన్నది జడ్జి విచక్షణ. సవరణ తర్వాత, చట్టం చెప్పిన మినహాయింపులు తప్ప, అమలు చేయించడమే నియమం.

మరి లోపం ఎక్కడుంది? ‘నాకు తెలియదు’ అన్న రెండు ముక్కల్లో ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లోనే రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, వంద రూపాయలు, అంతకు మించిన విలువున్న స్థిరాస్తి అమ్మకపు అగ్రిమెంట్లను తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలంది. రిజిస్టరైన పత్రం ఉంటే అది లోకానికంతా తెలిసినట్టే లెక్క. తర్వాత కొన్నవాడు తెలియదంటే చెల్లదు, ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీస్తే కనిపించేది కదా అంటుంది కోర్టు. ఇరవై ఐదేళ్లు దాటినా ఐటీ కారిడార్‌లో కోట్ల బేరాలు ఇప్పటికీ వంద రూపాయల స్టాంపు కాగితం మీద, నోటరీ ముద్రతో, కొన్నిచోట్ల వాట్సాప్ మెసేజ్‌తో నడుస్తున్నాయి. స్టాంపు డ్యూటీ ముందే ఎందుకని ఒకరు, నల్లడబ్బు లెక్క బయటపడుతుందని ఇంకొకరు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్‌ను కూడా అమలు దావాలో సాక్ష్యంగా చూపించుకోనిస్తుంది చట్టం, ఆ మేరకు దయ ఉంది. కానీ అది ఓనర్ మీద పనికొచ్చినంతగా మూడోవాడి మీద పనికిరాదు. అతనికి ఆ కాగితం గురించి తెలుసని రుజువు చేయడానికి ఏజెంట్ల సాక్ష్యాలు, కాల్ రికార్డులు వెతుక్కోవాల్సి వస్తుంది. స్టాంపు డ్యూటీ మిగుల్చుకున్నవాళ్లు చివరికి అంతకు పదింతలు వకీలు ఫీజు కట్టుకుంటున్నారు.

స్వాధీనం చేతికొచ్చి ఉంటే కొంత నయం. ఆస్తిలో ఎవరున్నారో వెళ్లి అడిగి తెలుసుకోవడం కొనేవాడి బాధ్యతని, అడగకపోతే తెలిసినట్టే అనుకోవాలని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే రాయదుర్గంలో ఖాళీ ప్లాటు చుట్టూ నీలం రేకులు పాతి, ఒక వాచ్‌మన్‌ను పెట్టినంత మాత్రాన స్వాధీనం అయిపోతుందా అన్నది మళ్లీ ఒక సాక్ష్యాల యుద్ధం.

రాయదుర్గం మాటొచ్చింది కాబట్టి, 2025 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును ప్రతి ప్లాటు కొనుగోలుదారూ చదవాలి. హైటెక్ సిటీ పక్కనే ఉన్న రాయదుర్గ్ పన్మక్తాలో 53 ఎకరాల సంగతది. భావన సహకార గృహనిర్మాణ సంఘానికి 1982లో ఒక అగ్రిమెంట్ రాశారు, రిజిస్టర్ చేయలేదు. దాని మీద ఆధారపడి తర్వాత చేతులు మారిన పత్రాలతో కొన్నవాళ్లు, రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ తమను ఖాళీ చేయించకుండా ఆపమని రిట్ వేశారు. హైకోర్టు డివిజన్ బెంచ్ వాళ్ల పక్షాన నిలిచింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పునాదిలో ఉన్నది అగ్రిమెంటే అయినప్పుడు, దాని మీద కట్టిన రిజిస్టర్డ్ సేల్ డీడ్‌లు ఎన్నున్నా లేని హక్కును పుట్టించలేవంది. నలభై ఏళ్ల కింద పూర్తి చేయని ఒక అమ్మకం, నేటి కొనుగోలుదారుల కాళ్ల కింది నేలను లాగేసింది.

ఇంకో కేసు నగరానికి తూర్పున, ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉన్న పోచారం ఊరిది. సిద్ధంశెట్టి ఇన్‌ఫ్రా ప్రాజెక్ట్స్ అనే సంస్థ 1997 మార్చిలో అక్కడ భూమికి అగ్రిమెంట్ చేసుకుంది. అమ్మకం జరగలేదు, దావా పడింది. కింది కోర్టు కొట్టేసింది. 2021లో తెలంగాణ హైకోర్టు అమలు చేయమంది. 2022 ఆగస్టు 25న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. అక్కడితో కథ అయిపోయిందని అందరూ అనుకుంటారు. సంస్థ రివ్యూ పిటిషన్ వేసింది. అది రిజిస్ట్రీలో తప్పులు దిద్దుకునే దశలో ఉండగా, భూమి మరొకరి పేరు మీదికి మారింది. సందట్లో సడేమియా అంటే ఇదే. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు అరుదుగా చేసే పని చేసింది. తన పాత తీర్పును తానే వెనక్కి తీసుకుని, అమ్మకం పూర్తి చేయమంది. నడుమ కొన్న మూడో పక్షానికి దారి ఇవ్వలేదు. ఆస్తి మీద వ్యాజ్యం నడుస్తుండగా జరిగిన బదిలీ ఆ వ్యాజ్యం ఫలితానికి లోబడి ఉంటుందన్న సెక్షన్ 52 నియమం, పిటిషన్ దాఖలైన నాటి నుంచే వర్తిస్తుందని, నోటీసులు వెళ్లేదాకా, రిజిస్ట్రీ లోపాలు సరిచేసేదాకా ఆగదని తేల్చింది.

తీర్పు బాగుంది. అగ్రిమెంట్ నుంచి ఆ తీర్పుకు ఇరవై ఏడేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో పోచారం పొలాలు ఐటీ పార్కులయ్యాయి.

ఈ సెక్షన్ 52లోనే తెలంగాణ ప్రభుత్వం వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. దావా వేసిన రోజు నుంచే ఆ ఆస్తిని కొన్నవాడికి కోర్టు తీర్పు చుట్టుకుంటుంది. అతనికి దావా గురించి తెలిసినా, తెలియకపోయినా ఒకటే. కానీ ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో ఉదయం దావా వేస్తే, సాయంత్రం తీసిన ఈసీలో అది కనిపించదు. ఏడాది తర్వాత తీసినా, ఎవరో ఒకరు కోర్టు ఉత్తర్వును సబ్ రిజిస్ట్రార్‌కు చేర్చి ఉంటే తప్ప కనిపించదు. ఫలితంగా నిజంగానే ఏమీ తెలియని ఉద్యోగి, ఇరవై ఏళ్ల హోమ్ లోన్ తీసుకుని, వ్యాజ్యంలో ఉన్న ప్లాటు కొంటాడు. తెలిసే కొన్న జిత్తులమారి కూడా అతని పక్కనే నిలబడి అదే అమాయకత్వం నటిస్తాడు. ఇద్దరికీ తేడా పోల్చే కాగితం ప్రభుత్వం దగ్గర లేదు.

బొంబాయి రాష్ట్రం ఈ చిక్కును 1939లోనే విప్పింది. అక్కడ దావా వేసినవాడు ఆ సంగతిని రిజిస్ట్రేషన్ ఆఫీసులో నోటీసుగా నమోదు చేయిస్తేనే మూడో పక్షం మీద సెక్షన్ 52 పనిచేస్తుంది. మహారాష్ట్ర, గుజరాత్‌లలో నేటికీ అదే పద్ధతి. లా కమిషన్ 1998లో దేశమంతటా ఇలా చేయమంది. సుప్రీంకోర్టు 2010లో మళ్లీ గుర్తుచేసింది. భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది, సర్వే నంబర్లన్నీ సెల్‌ఫోన్‌లో కనిపిస్తున్నాయి. ఆ నంబరు మీద కోర్టులో కేసుందా లేదా అన్న ఒక్క గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

ఇప్పుడు అసలు బాకీ దగ్గరికి రావాలి. భూమి వెనక్కి వచ్చినా, ఇన్నేళ్ల ఆలస్యానికి, కట్టిన అద్దెలకు, చేజారిన లోన్‌కు ఎవరు బాధ్యులు? ఒప్పందం తప్పిన ఓనర్ నుంచి నష్టపరిహారం అడగొచ్చు, అమలుతో పాటు కూడా అడగొచ్చు. కానీ మూడోవాడితో కొనుగోలుదారుకు ఒప్పందమే లేదు. అతని మీద ఉన్నది వేరే దారి, ఒప్పందాన్ని తెలిసి చెడగొట్టడం తానుగా ఒక అపకారమన్న సూత్రం.

దీని పుట్టుక లండన్ నాటకశాలల్లో. 1852లో జొహానా వాగ్నర్ అనే గాయని బెంజమిన్ లమ్లీ థియేటర్‌లో మాత్రమే పాడతానని ఒప్పుకుంది. పోటీదారైన ఫ్రెడరిక్ గై ఎక్కువ డబ్బు ఆశచూపి ఆమెను తనవైపు తిప్పుకున్నాడు. లమ్లీ గాయనితో పాటు గైని కూడా కోర్టుకీడ్చాడు. తెలిసి ఒప్పందం మీరేలా ఎగదోసినవాడు పరిహారం ఇవ్వాల్సిందేనని 1853లో కోర్టు చెప్పింది. కేసు పేరు లా కాలేజీల్లో మార్మోగుతుంది. తర్వాత సంగతి తక్కువమందికి తెలుసు. విచారణలో జ్యూరీ గై పక్షాన తీర్పిచ్చింది, ఆమె ఒప్పందానికి కట్టుబడి లేదని అతను నిజంగానే నమ్మాడని తేలడంతో. ‘తెలియదు’ అన్న వాదన ఆనాటి నుంచీ బలమైనదే.

ఆ సూత్రానికి ఎంత పదునుందో అమెరికాలో టెక్సాకో కంపెనీ చవిచూసింది. 1984 జనవరిలో గెట్టీ ఆయిల్ వాటాల అమ్మకానికి షేరు 112.50 డాలర్ల చొప్పున పెన్‌జాయిల్‌తో బేరం కుదిరింది. ప్రకటన వెలువడింది, తుది పత్రాలు ఇంకా తయారవుతున్నాయి. టెక్సాకో వచ్చి 125 ఇస్తానంది, ఆపై 128కి పెంచి పట్టుకుపోయింది. మన భాషలో చెప్పాలంటే బయానా దశలోనే తన్నుకుపోయింది. పెన్‌జాయిల్ ఎక్కువగా వెంటపడింది మాట తప్పిన గెట్టీని కాదు, మధ్యలో దూరిన టెక్సాకోను. 1985 నవంబరులో హ్యూస్టన్ జ్యూరీ 1,053 కోట్ల డాలర్లు కట్టమంది. 1987 ఏప్రిల్‌లో టెక్సాకో దివాలా రక్షణ కోరింది. ఆ ఏడాది చివర 300 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

భారత కోర్టులు ఈ సూత్రాన్ని కాదనలేదు. ఇక్కడ అపకారాలకు రాసిపెట్టిన చట్టం లేదు కాబట్టి ఇంగ్లండ్ సూత్రాలనే అవసరమైన మేరకు వాడుకుంటూ వస్తున్నాయి. కానీ హైదరాబాద్‌లో భూమి బేరం చెడగొట్టినవాడి మీద పరిహారం దావా వేయమని ఏ వకీలూ ఉత్సాహంగా సలహా ఇవ్వడు. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి. అతనికి తెలుసని, తెలిసే ఎగదోశాడని నిరూపించాలి. నష్టాన్ని రూపాయల్లో లెక్కగట్టి చూపాలి. అన్నీ అయ్యాక, భూమి వచ్చింది కదా ఇంకేం కావాలి అన్న ధోరణి ఎదురవుతుంది. ఈ ధోరణి మారాలి. పదేళ్లు కోర్టులో తిప్పి, చివరికి కొన్నదాన్ని మాత్రమే వదిలేసి వెళ్లేవాడికి ఆ పదేళ్లూ ఉచితంగా దొరికినట్టే కదా!

అడ్డుపడిన ప్రతివాడూ దొంగ కాడన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మణికొండ కథ అందుకు సాక్ష్యం. హజ్రత్ హుస్సేన్ షావలీ దర్గా పేరున 1989లో వక్ఫ్ గెజెట్‌లో నోటిఫై అయింది 5,506 చదరపు గజాలు. 2006 మార్చి 13న వక్ఫ్ బోర్డు ఆ గెజెట్‌కు సవరణ ప్రకటించి 1,654 ఎకరాల 32 గుంటలు దర్గావేనంది. అప్పటికే ఆ మణికొండ జాగీరులో ప్రభుత్వం వందలాది ఎకరాలను ఐటీ కంపెనీలకు, ఎమ్మార్, ల్యాంకో హిల్స్ ప్రాజెక్టులకు ఇచ్చేసింది. అమ్మింది ప్రభుత్వ సంస్థ, కొన్నది కంపెనీ, దాని దగ్గర ఫ్లాట్లు బుక్ చేసుకున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నడుమ వచ్చిన మూడో పక్షం ఇంకో చట్టబద్ధ సంస్థ. 2012లో హైకోర్టు బోర్డు వైపు మొగ్గింది. డబ్బు కట్టి ఏళ్లు గడిచినా మధ్యతరగతి కుటుంబాలు వివాదం నీడలోనే ఈఎంఐలు కట్టుకుంటూ వచ్చాయి. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణ నోటిఫికేషన్‌ను కొట్టేసి, జాగీర్ల రద్దుతో ఆ భూమి ప్రభుత్వానికి చెందిందని తేల్చింది. మొదట నోటిఫై అయిన దర్గా స్థలం జోలికి పోలేదు.

పదహారేళ్లు. అయినా వక్ఫ్ బోర్డు చేసిందాన్ని బేరం చెడగొట్టడం అనలేం. తన హక్కు అనుకున్నదాని కోసం కోర్టుకు వెళ్లడం అపకారం కాదు, కాకూడదు కూడా. తప్పెవరిదంటే, పాత జాగీర్ల లెక్క తేల్చకుండా ఎకరాలు అమ్మి ఖజానా నింపుకున్న ప్రభుత్వానిది. కొన్నవాళ్లు ప్రభుత్వాన్ని నమ్మి కొన్నారు. ఆ నమ్మకానికి జరిగిన ఆలస్యం లెక్కగట్టి ప్రభుత్వం ఎవరికీ చెల్లించలేదు.

హక్కూ లేక, హక్కుందన్న నమ్మకమూ లేక అడ్డుపడేవాళ్లు వేరు. ఐటీ కారిడార్‌లో వీళ్ల పనితీరు ఏజెంట్లందరికీ తెలిసిందే. పెద్ద బేరం కుదరగానే కొనేవాళ్ల వకీలు తెలుగు పేపర్లో ప్రకటన ఇస్తాడు, ఫలానా సర్వే నంబరు మీద ఎవరికైనా అభ్యంతరాలుంటే వారంలో తెలపాలని. జాగ్రత్త కోసం వేసిన ఆ ప్రకటనే వీళ్లకు పిలుపు. వారం తిరగకుండా పాత పహాణీ జిరాక్సుతో, ఎప్పుడో చచ్చిపోయిన తాత జీపీఏతో ఒకడు దిగుతాడు. ఇంజంక్షన్ పిటిషన్ వేస్తాడు, స్థలంలో ‘కోర్టు వివాదంలో ఉన్నది’ అని బోర్డు పాతుతాడు. బ్యాంకు లోన్ ఆపేస్తుంది. ఇక సెటిల్‌మెంట్ మాటలు మొదలవుతాయి. అతనికి కావాల్సింది భూమి కాదు, దారిలోంచి తప్పుకోవడానికి డబ్బు.

వీళ్లను అమలు దావాలోకి లాగి ఒకేసారి తేల్చేద్దామంటే కుదరదు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ఉన్న ఒప్పందం దావాలో, వేరే హక్కు చెప్పుకునే బయటివాడు చేరాల్సిన అవసరం లేదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టపరంగా సరైన మాటే. ఆచరణలో దాని అర్థం రెండు కేసులు, రెండు కోర్టులు. ఓనర్ విడిగా హక్కు ప్రకటన కోసం, తప్పుడు పత్రం రద్దు కోసం దావా వేసుకోవాలి. అన్నీ గెలిచాక, ఆ దొంగ దావా వేసినవాడి మీద కోర్టు పరిహారపు ఖర్చులు విధించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35ఏ దాని కోసమే ఉంది. అక్షరాలా మూడు వేల రూపాయలు దాటకూడదని అందులోనే రాసుంది.

ఎకరం 177 కోట్లు పలికే చోట, అబద్ధపు దావాతో ఆ ఎకరాన్ని ఏళ్ల తరబడి ఆపినవాడికి ఈ సెక్షన్ కింద పడే గరిష్ఠ భారం మూడు వేలు.  ఈ పరిమితి వాస్తవానికి దూరమని, కనీసం లక్షకు పెంచాలని సుప్రీంకోర్టు 2010లోనే సూచించింది. 2015లో వాణిజ్య కోర్టుల చట్టం తెచ్చినప్పుడు పార్లమెంటు ఆ కోర్టుల వరకు పరిమితిని ఎత్తేసింది. కంపెనీల మధ్య గొడవకు పరిమితి లేదు. కొండాపూర్‌లో సొంతిల్లు కొనుక్కునే టీచరమ్మ కేసుకు మాత్రం మూడు వేలే.

ఈ పరిమితి పెంచాలన్న ఆ 2010 తీర్పులోనే ఓనర్లకు పనికొచ్చే ఇంకో మాట ఉంది, వకీళ్లు తక్కువగా వాడతారు. సెక్షన్ 52 వ్యాజ్య ఆస్తి బదిలీని ఫలితానికి లోబడేలా చేస్తుంది, కానీ కోర్టు అనుమతితో, అది పెట్టిన షరతులతో జరిగే బదిలీకి మినహాయింపు ఇస్తుంది. దావాలో పస లేదనిపిస్తే, తగిన సెక్యూరిటీ తీసుకుని అమ్ముకోనివ్వమని కోర్టును అడగొచ్చు. బెదిరింపు దావాకు ఇంతకన్నా మంచి మందు లేదు.

పోలీస్ స్టేషన్ దారి చాలామంది ముందు పట్టే దారి. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మడం, దొంగ పత్రాలు పుట్టించడం నేరాలే, భారతీయ న్యాయ సంహితలో మోసానికి సెక్షన్ 318 ఉంది. కానీ కేవలం ఎక్కువ ధర ఇచ్చి కొన్నవాడు నేరస్థుడు కాడు. సివిల్ గొడవకు ఖాకీ రంగు పూయొద్దని సుప్రీంకోర్టు అన్నిసార్లు అన్నాక, ఎఫ్ఐఆర్ ఒక్కటే నమ్ముకుని అమలు దావా ఆలస్యం చేసుకోవడం తెలివితక్కువ.

ఆర్బిట్రేషన్ మాట కూడా ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. నానక్‌రామ్‌గూడలో 2021 డిసెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం మొదలైంది. (దానికి రాయదుర్గంలో ఇచ్చిన మూడున్నర ఎకరాల కేటాయింపును 2025 జూన్‌లో హైకోర్టు రద్దు చేసింది. ఈ కారిడార్‌లో భూమి వివాదం తగాదాలు తీర్చేవాళ్లనూ వదల్లేదు.) అయితే ఆర్బిట్రేటర్ మాట ఒప్పందంలో సంతకం పెట్టినవాళ్లకే చెల్లుతుంది. మూడోవాడు నవ్వి వెళ్లిపోతాడు.

పెద్ద కంపెనీలకైనా ఇక్కడ కాలమే శత్రువు. ప్రపంచంలోనే తన అతిపెద్ద క్యాంపస్ భవనాన్ని 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో తెరిచిన అమెజాన్, అదే ఏడాది ఫ్యూచర్ గ్రూపు సంస్థలో పెట్టుబడి పెట్టింది. ఫ్యూచర్ దుకాణాల వ్యాపారాన్ని రిలయన్స్‌కు అమ్మకూడదన్నది షరతు. 2020 ఆగస్టులో ఫ్యూచర్ 24,713 కోట్లకు రిలయన్స్‌తోనే బేరం కుదుర్చుకుంది. ఫ్యూచర్ కళ్లతో చూస్తే అడ్డుపడిన మూడోవాడు అమెజాన్, అమెజాన్ కళ్లతో చూస్తే రిలయన్స్. సింగపూర్ మధ్యవర్తిత్వంలో అక్టోబరులోనే అత్యవసర నిలుపుదల వచ్చింది. అది ఇక్కడ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 6న చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్ పెట్టుబడికి ఇచ్చిన అనుమతినే పక్కనపెట్టి, 202 కోట్ల జరిమానా వేసింది. 2022 మొదట్లో లీజులు మార్చుకున్న దుకాణాల మీద రిలయన్స్ బోర్డులు లేచాయి. అప్పులిచ్చిన బ్యాంకులు ఒప్పుకోకపోవడంతో ఏప్రిల్‌లో ఆ బేరం అధికారికంగా రద్దయింది. ఉత్తర్వు ఒకరి చేతిలో మిగిలింది, దుకాణాలు ఇంకొకరి చేతిలో. ఇంత బలగమున్న కంపెనీకే ఇలా అయితే, ప్లాటు కొనే ఉద్యోగి ఇంజంక్షన్ కోసం నెలలు ఆగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఫ్లాట్ల విషయంలో రెరా చట్టం కొంత మెరుగు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. అగ్రిమెంట్ తర్వాత ఆ ఫ్లాటును తాకట్టు పెట్టినా కొన్నవాడి హక్కుకు భంగం ఉండదు. ప్రీలాంచ్ ధరకు ఆశపడి ఆ అగ్రిమెంట్ లేకుండానే మొత్తం కట్టేవాళ్లకు ఈ రక్షణలు చాలామటుకు చేతికందవు.

తెలంగాణ శాసనసభ చేయాల్సినవి రెండు సవరణలు. సెక్షన్ 52కు మహారాష్ట్ర తరహా నోటీసు నమోదు, దాన్ని ఈసీలోనూ భూభారతిలోనూ కనిపించేలా చేయడం. సెక్షన్ 35ఏలోని మూడు వేల పరిమితిని ఆస్తి విలువలో ఒక శాతంగా మార్చడం. రెండూ ఉమ్మడి జాబితాలోని అంశాలే, రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రమే చేసుకోవచ్చు. కోర్టులు చేయాల్సింది, తెలిసి బేరం చెడగొట్టాడని రుజువైన చోట భూమి తిరిగిప్పించడంతో ఆగకుండా మూడోవాడి చేత పరిహారం కక్కించడం.

ఈలోగా బయానా ఇచ్చినవాళ్లు అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయించుకోవాలి. మిగతా డబ్బు సిద్ధంగా ఉందని చూపే బ్యాంకు కాగితాలు, లోన్ మంజూరు ఉత్తరం దాచుకోవాలి, అవి లేక గెలవాల్సిన దావాలు ఓడిన సందర్భాలు కొల్లలు. ఓనర్ ఫోన్ ఎత్తడం మానేస్తే పెద్దమనుషుల పంచాయితీలతో కాలం గడపకుండా లాయర్ నోటీసు ఇచ్చి, దావాతో పాటే ఇంజంక్షన్ అడగాలి. అమలు దావాకు చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. అగ్రిమెంట్‌లో తేదీ రాసుంటే ఆ తేదీ నుంచి, లేకుంటే ఓనర్ అమ్మనన్న సంగతి తెలిసిన రోజు నుంచి ఆ గడువు నడుస్తుంది.